ఉడుంపట్టు

తనకు భయమంటే ఏమిటో తెలియదని ఈత మాస్టారు అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. అది పూర్తిగా అబద్ధమని అనలేం. ఆయన జీవితమంతా నీలం పలకలు పరిచిన ఒక ట్యాంకు చుట్టూ రబ్బరు చెప్పులేసుకుని తిరగడంతోనే సరిపోయింది. ఆ నీళ్ళ లోతు ఆయనకు తెలుసు, అడుగు తెలుసు, ఏ మూల పలక ఊడిందో కూడా తెలుసు. పిల్లలు గట్టెక్కేస్తే ఆ నీళ్ళు కదలకుండా పడి ఉంటాయి. అలాంటి నీళ్ళకు భయపడాలంటే పనిగట్టుకుని భయపడాలి. ఆ తీరిక ఆయనకు లేదు.

ఆ లోటు భార్య తీర్చేది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. చేతికి ఏది అందినా తిప్పి తారీఖు చూడందే ఊరుకోదు. బిస్కెట్ ప్యాకెట్టయినా అంతే, లాడ్జీవాళ్ళు ఇచ్చిన సబ్బుబిళ్ళయినా అంతే. ఇక నీళ్ళంటే ఆమెకు చచ్చేంత భయం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి ట్యాంకులో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. "మా అక్క ఈత మాస్టారిని చేసుకుని బకెట్టు నీళ్ళతో కాపురం చేస్తోంది" అని ఆమె తమ్ముడు ఏడిపిస్తూ ఉంటాడు.

ఈ తమ్ముడు ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. మనిషి భారీ, నోరు అంతకంటే భారీ. సెలవుల్లో అందరూ కలిసి సముద్రతీరానికి వచ్చిన కారు అతనిదే. వెనక సీట్లో కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నది మాస్టారి ఒక్కగానొక్క కూతురు, నాలుగో తరగతి. నెలల పిల్లప్పుడు తండ్రి తొట్టిలో ముంచితే ఏడవకుండా బుడగలు వదిలిందట. అప్పటినుంచీ దాని పేరు బుడగ అయిపోయింది. బళ్ళో ఇంకో పేరుంది గానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే అది పలకదు.

ఇక్కడ మాస్టారి పద్ధతి గురించి కాస్త చెప్పాలి. జరిగిందంతా ఆ పద్ధతి వల్లే జరిగింది మరి.

ఆయన దగ్గర చేరిన పిల్లలందరికీ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. "అలిసిపోతే అంచు పట్టుకో. పట్టుకున్నాక వదలకు. నా చెయ్యి నీ నెత్తిమీద పడితేనే వదలాలి." మంచి మాటే. ఎప్పుడో ఒక కుర్రాడు అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటుంటే పక్కవాడు రమ్మని పిలిచాడు, వీడు వదిలాడు, కడుపునిండా నీళ్ళు తాగాడు. అలాంటిది మళ్ళీ జరగకూడదని పెట్టిన నియమం అది. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. మాస్టారు ఆగే రకం కాదు. నియమం ఒంటబట్టిందో లేదో తేల్చుకోవాలని పరీక్షలు మొదలుపెట్టాడు.

పిల్లలందరినీ వరసగా అంచు పట్టుకుని వేలాడమనేవాడు. వెనక నిలబడి ముందు ముద్దుగా పిలిచేవాడు, "చాల్లే అమ్మా, వదిలెయ్యండి" అని. ఒకరిద్దరు వదిలేవాళ్ళు, చీవాట్లు తినేవాళ్ళు. తరువాత గొంతు చించుకుని అరిచేవాడు. ఇంకొందరు వదిలేవాళ్ళు. ఆఖర్న ఆయన దగ్గర అసలైన ఎత్తు ఒకటుండేది. కంగారు పడిపోతున్నట్టు మొహం పెట్టి, "ఇది పరీక్ష కాదర్రా, నిజంగానే చెప్తున్నా, వదలండి, వదలండి!" అనేవాడు. ఆ దెబ్బకు మిగిలినవాళ్ళలో చాలామంది బోల్తా పడేవాళ్ళు. ఆ ఎత్తు ఆయన సొంత బుర్రలో పుట్టిందే. దాన్ని తలుచుకుంటే ఆయనకు కాస్త గర్వంగానే ఉండేది.

బుడగ మాత్రం ఏనాడూ వదల్లేదు. ఒకసారి పరీక్ష మధ్యలో మాస్టారికి ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూ బయటికి పోయాడు, అట్నుంచి అటే టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి మిగతా పిల్లలు ఎప్పుడో బట్టలు మార్చుకుని ఇళ్ళకు చేరిపోయారు. బుడగ ఒక్కతే నల్లబడిన పెదాలతో, వణుకుతూ, అంచు పట్టుకునే ఉంది. ఈ సంగతి మాస్టారు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. "ఉడుంపట్టండీ నా కూతురిది!" అని డప్పు కొట్టేవాడు. ఆ కథ మొదలుకాగానే భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. వింటున్న చుట్టం ఎందుకు నవ్వడం లేదో మాస్టారికి ఎప్పుడూ బోధపడేది కాదు.

ఆ తీరమంతా ఇసుక తక్కువ, రాళ్ళెక్కువ. పోటు వచ్చినప్పుడు సముద్రం ఆ రాళ్ళ మీదికి ఎక్కుతుంది, ఆటు వేళ వెనక్కి తగ్గిపోతుంది. తగ్గినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు మిగిలిపోయి మడుగులవుతాయి. కొన్ని చెంబుడు నీళ్ళంత, కొన్ని పెళ్ళిపందిరంత. వచ్చిన మొదట్లో వీళ్ళు చిన్న మడుగుల దగ్గరే కూర్చున్నారు. పీతలు పక్కకు నడవడం చూసి బుడగ విరగబడి నవ్వింది. భార్య సైతం చెప్పులు విప్పి పాదాలు తడుపుకుంది. లాడ్జీ బాల్కనీలో తడి తువ్వాళ్ళు ఆరేసుకుంటూ, "ఇది చాలండీ, ఇంతకంటే ఏం కావాలి" అంది.

మాస్టారికి చాల్లేదు. చీలమండల లోతు నీళ్ళలో కూర్చోవడం ఆయన హోదాకు చిన్నతనంగా ఉంది. "పెద్దది ఏదైనా ఉందేమో చూడవోయ్" అని బావమరిది చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. బావమరిది ఎవరినో అడిగి, ఏదో దారి తప్పి, చివరికి ఒక పెద్ద మడుగు దగ్గర కారు ఆపాడు.

అది చూడగానే మాస్టారి కళ్ళు మెరిశాయి. కొండరాయి మధ్యలో అచ్చం ట్యాంకులాగే తొలిచినట్టుంది. ఒడ్డువైపు రాతిలో చెక్కిన మెట్లున్నాయి, దిగితే మోకాళ్ళ లోతు, నడిచేకొద్దీ లోతు పెరుగుతుంది. అవతలివైపు సముద్రానికీ మడుగుకీ మధ్య ఒక రాతిగట్టు ఉంది. ఎప్పుడో ఎవరో దాని మీద సిమెంటు వేసి చదును చేశారు. ఆ గట్టు నీటిమట్టానికి మూరెడు ఎత్తున ఉంది. గట్టుకు ఆ వైపున సముద్రం చాలా కిందికి తగ్గి, పైకి రాకుండా తనలో తాను గొణుక్కుంటోంది. మడుగులో నీళ్ళు తేటగా, కదలకుండా ఉన్నాయి. అడుగున రాళ్ళ మీద నాచు కనిపిస్తోంది.

మెట్ల పక్కన ఒక బోర్డుంది. మందుల సీసా మీద చీటీ చదివినంత శ్రద్ధగా భార్య దాన్ని చదివింది. పోటు ఎక్కే వేళ బయటి గట్టు దగ్గరికి వెళ్ళకూడదని రాసుంది. ఆ వేళ ఎప్పుడో కూడా కింద రాసే ఉండాలి గానీ, ఉప్పుగాలికి అక్కడి రంగంతా పెచ్చులూడిపోయింది.

"ఏమండీ, ఇది చూశారా?"

"చూశాన్లే. అవన్నీ ఈత రానివాళ్ళ కోసం పెడతారు."

"ఈత వచ్చినవాళ్ళకి వర్తించదని ఎక్కడా రాయలేదుగా!"

"అబ్బా! నువ్వు సముద్రానికి కూడా తారీఖు చూస్తావేంటే?" అన్నాడు మాస్టారు. బావమరిది పగలబడి నవ్వాడు. ఆమె అందరి తువ్వాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని, మెట్ల పైన రాయి మీద కూర్చుంది.

మాస్టారు తన ట్యాంకును తనిఖీ చేసినట్టే ఆ మడుగును తనిఖీ చేశాడు. ఒకసారి ఈదుకుంటూ గట్టుదాకా వెళ్ళి, దాన్ని అరచేత్తో తట్టి, ఒక మూల గట్టు విరిగి చిన్న గండి ఉండడం చూసి, తిరిగొచ్చాడు. "మన ట్యాంకుకంటే నయం" అని తీర్పు చెప్పాడు. బుడగ ఎర్ర రబ్బరు టోపీ పెట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"ఇక్కణ్ణించి గట్టుదాకా, మళ్ళీ ఇక్కడికి. మెల్లగా పోయి రా. అలిసిపోతే ఏం చెయ్యాలి?"

"అంచు పట్టుకోవాలి నాన్నా."

"శభాష్."

బుడగ నీళ్ళలోకి జారింది. చప్పుడు కాకుండా ఈదడం ఆ పిల్లకే చెల్లింది. ఒకసారి వెళ్ళొచ్చింది, ఇంకోసారి వెళ్ళింది. మాస్టారు కాసేపు చూసి, ఇక పర్వాలేదనుకుని బావమరిది వైపు తిరిగాడు. ఈ యాత్రలో అతనికి వెల్లకిలా తేలడం నేర్పిస్తానని శపథం చేసి ఉన్నాడు.

"బావా, నేను మునిగితే తియ్యడానికి క్రేను కావాలి, ఆలోచించుకో."

"నోరు మూసుకుని పొట్ట పైకెత్తు."

"అది ఎత్తక్కర్లేదు బావా, ఎప్పుడూ పైనే ఉంటుంది."

మాస్టారు అతని నడుం కింద చేతులు పెట్టి, తల వెనక్కి వాల్చమని కసురుతున్నాడు. అతను ముక్కుతో నీళ్ళు పీల్చి దగ్గుతున్నాడు. ఈ తతంగంలో ఎంతసేపు గడిచిందో మాస్టారు చూసుకోలేదు. ఆయన నడుం దగ్గర నీళ్ళు మెల్లగా ఊగడం మొదలుపెట్టాయి. ఇందాక మోకాళ్ళ దగ్గర ఉన్న నీళ్ళు నడుం దాకా ఎప్పుడు వచ్చాయన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. ట్యాంకులో నీళ్ళు ఎక్కవు కదా!

"ఏమండీ!" అని పైనుంచి భార్య కేక వేసింది. ఆమె ఊరికూరికే కేకలేస్తుందని ఆయన వెంటనే తల తిప్పలేదు.

"ఏమండీ, పిల్ల!"

ఆ గొంతు వేరేగా ఉంది. మాస్టారు తిరిగి చూశాడు.

గట్టు మీదుగా తెల్లటి నురగ దొర్లి మడుగులోకి పడుతోంది. బుడగ ఎక్కడా కనిపించలేదు. నురగ విడిపోయింది. గట్టు దగ్గర ఎర్ర టోపీ తేలింది, ఆ కింద మొహం, గట్టును గట్టిగా పట్టుకున్న రెండు చేతులు. ఇటు తిరిగి వద్దామనుకునేసరికి అలిసిపోయి ఉంటుంది. దగ్గర్లో ఉన్న అంచు అదే. చెప్పినట్టే వెళ్ళి పట్టుకుంది.

"చూశావా, అదీ నా కూతురు!" అన్నాడు మాస్టారు. ఆయన ఆ మాట అన్నాడంటే ఎవరూ నమ్మరు గానీ, అన్నాడు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

ఆ మాట పూర్తయ్యేలోపే గట్టు మీద పడ్డ నీళ్ళన్నీ వెనక్కి మళ్ళాయి. గట్టు మీదుగా, మూలనున్న గండిలోంచి, వచ్చినదానికి రెట్టింపు ఊపుతో సముద్రంలోకి దూకాయి. ఆ లాగుడుకు బుడగ ఒళ్ళంతా నీళ్ళలోంచి పైకి లేచి, పొట్ట గట్టు మీదికి ఈడ్చుకుపోయింది. పిల్ల వేళ్ళు మాత్రం వదల్లేదు. గట్టుకు అవతల గుల్లలు పట్టిన రాళ్ళున్నాయి, వాటి అంచులు బ్లేడుల్లా ఉంటాయి. ఇంకా అవతల, ఇంతసేపూ కింద ఎక్కడో గొణుక్కున్న సముద్రం ఇప్పుడు గట్టుతో సమానంగా ఉబ్బి నిలబడి ఉంది.

మాస్టారికి అప్పుడు తెలిసింది భయమంటే. నీళ్ళ సంగతి కాస్తో కూస్తో తెలిసినవాడు కాబట్టి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఇంకో అల వస్తుంది. అది పిల్లను ఇటు, మడుగులోకే తోస్తుంది. సరిగ్గా అప్పుడు వదిలేస్తే నీళ్ళే మోసుకొచ్చి మడుగు మధ్యలో పడేస్తాయి. పట్టుకుని ఉంటే మాత్రం వెనక్కి మళ్ళే నీళ్ళు గట్టు దాటించి ఆ రాళ్ళ మీద వేసి కొడతాయి. వదిలితే బతుకుతుంది. పట్టుకుంటే బతకదు.

"వదిలెయ్!" అని అరిచాడు. "బుడగా, అల రాగానే వదిలెయ్!"

బుడగ విన్నది. విన్నట్టు తెలుస్తూనే ఉంది. తల గట్టుకు ఆనించి, మోచేతులు ఇంకా దగ్గరికి లాక్కుని, మరింత గట్టిగా పట్టుకుంది.

"వదిలెయ్యమ్మా! చాల్లే, వదిలెయ్!"

అంతా పరీక్షలాగే ఉంది. తన గొంతు తనకే వినిపించింది. ఆ అరుపు, ఈ ముద్దు మాట, అన్నీ ట్యాంకులోవే. ఇక మిగిలింది ఒక్కటే, ఆయనకు తెలియకుండానే అది నోట్లోంచి బయటికి వచ్చేసింది.

"ఇది పరీక్ష కాదమ్మా! నిజంగానే చెప్తున్నా, వదులు!"

ఎర్ర టోపీ అడ్డంగా ఊగింది. వదలనని.

అల వచ్చింది. గట్టు మీద పగిలి పిల్లను కప్పేసింది. నురగ పోయాక పిల్ల ఇంకా అక్కడే ఉంది, దగ్గుతోంది. నీళ్ళు వెనక్కి లాగాయి. ఈసారి నడుం దాకా గట్టు మీదికి వెళ్ళిపోయింది, ఒక చెయ్యి జారి మళ్ళీ పట్టుకుంది. అవతల ఇంకో అల అప్పటికే లేస్తోంది, ముందు వచ్చినదానికంటే పెద్దది.

మాస్టారు ఈదాడు. ఇన్నేళ్ళలో అంత వేగంగా ఎప్పుడూ ఈదలేదు, అంత చెత్తగానూ ఈదలేదు. చేతులు తప్పు, ఊపిరి తప్పు, పిల్లలెవరైనా అలా ఈదితే బయటికి పొమ్మనేవాడు. చెయ్యి పిల్ల నెత్తి మీద పడాలి. అదొక్కటే ఆయన బుర్రలో ఉంది. పడితే చాలు, వదులుతుంది. మడుగు మధ్య దాటాడు. గట్టు దగ్గరికొచ్చాడు. ఇంకో రెండు బారలు వేస్తే అందుతుంది. బుడగ కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలు బిగించి ఉంది. ట్యాంకులో పరీక్షప్పుడు పెట్టే మొహం అది. ఎన్నోసార్లు చూసి మెచ్చుకున్న మొహం.

అల ఆయన్ని మొహం మీద కొట్టింది. అమాంతం ఎత్తి, దొర్లించి, ఎటు పైనో ఎటు కిందో తెలియకుండా తిప్పి, మడుగు పక్క రాతికేసి విసిరింది. భుజం చీరుకుపోయింది. పైకి తేలేసరికి ఎక్కడ మొదలుపెట్టాడో ఇంచుమించు అక్కడే ఉన్నాడు. నోట్లోంచి ఉప్పునీళ్ళు ఉమ్మాడు.

"నా వల్ల కావట్లేదు, నా వల్ల కావట్లేదు" అని ఏడుస్తున్నాడు మాస్టారు. ఆయన ఏడవడం బావమరిది అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఈ గొడవలో ఎవరూ భార్యను గమనించలేదు. ఒళ్ళో తువ్వాళ్ళు రాళ్ళ మీద చెల్లాచెదురుగా పడున్నాయి. మెట్లు దిగి, నడుం దాటి, మెడ దాకా నీళ్ళలోకి నడిచేసింది. కట్టుకున్న బట్టలతో, ఈతలో ఓనమాలు కూడా రాకుండా, చేతులు రెండూ ముందుకు చాచి చీకట్లో గోడ తడుముకున్నట్టు నడుస్తోంది. ఆమెకు పథకమేదీ లేదు. పిల్ల అక్కడుంది, తను ఇటుంది, అంతే. ఇంకో అడుగు వేసింది. కాలికింద రాయి లేదు.

"అమ్మో!" అంది. మునిగింది. లేచింది. "బుడగా! నాకు కాళ్ళు అందట్లేదే! బుడగా!"

అది పరీక్ష కాదు. అమ్మ ఎప్పుడూ ఎవరికీ పరీక్ష పెట్టలేదు. అమ్మ నీళ్ళలో ఉండడమే ఆ పిల్లకు కొత్త. గట్టు దగ్గర బుడగ కళ్ళు తెరిచింది. ఇటు తిరిగింది. అమ్మ తల నీళ్ళలోకి పోవడం చూసింది.

వదిలేసింది.

వెనక లేచిన అల అదే సమయానికి గట్టు దాటింది. ఆ పిల్లను ఎత్తుకుని, నురగలో దొర్లించి, మడుగు మధ్యలోకి తెచ్చి పడేసింది. మాస్టారు నురగలోకి చేతులు పెట్టి గుడ్డివాడిలా తడిమాడు. ఏమీ లేదు. మళ్ళీ తడిమాడు. ఒక కాలు తగిలింది. దాన్ని పట్టుకుని లాగి, పిల్లను ఛాతీకి అదుముకుని, ఒంటిచేత్తో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. బుడగ ఆయన చేతుల్లో పెనుగులాడుతోంది. "అమ్మ! నాన్నా, అమ్మ!" అంటూ అటే ఎగబడుతోంది.

అమ్మను తమ్ముడు పట్టుకున్నాడు. తేలడం ఎలాగూ రాలేదు గానీ, మునిగిపోవడం కూడా తేలిక కాని మనిషి. ఛాతీ లోతు నీళ్ళలో స్తంభంలా నిలబడి, చెయ్యి చాపి అక్క జుట్టు పట్టుకుని లాగేశాడు. మెట్ల మీదికి చేర్చి కూలబడ్డాడు. అతని నోట ఒక్క జోకూ రాలేదు. "అక్కా, అక్కా" అని మాత్రం అంటున్నాడు. ఆమె నీళ్ళు కక్కుకుంటూనే ముందు కూతురి మొహం తడిమింది, చేతులు తడిమింది, కాళ్ళు తడిమింది.

నలుగురూ పైకెక్కి కారు దగ్గర కూర్చున్నారు. కింద గట్టు ఇప్పుడు కనిపించడం లేదు. మడుగు కూడా లేదు, అంతా సముద్రమే. ఇంకొంచెంసేపు ఆగి ఉంటే అన్న మాట నలుగురి మనసుల్లోనూ ఉంది. మాస్టారి భుజం నుంచి నెత్తురు కారి మోచేతి దగ్గర ఎండుతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

బుడగను తల్లి రెండు తువ్వాళ్ళలో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల పొట్ట మీద, మోచేతుల మీద తోలు లేచిపోయింది. గోళ్ళు విరిగాయి. అయినా ఏడవడం లేదు. తువ్వాళ్ళ సందులోంచి తండ్రినే చూస్తోంది, ఆయన మొహంలో ఏదో వెతుకుతున్నట్టు. మాస్టారు దగ్గరికి జరిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

పిల్లే ముందు మాట్లాడింది.

"సారీ నాన్నా."

"ఎందుకమ్మా?"

"వదిలేశాను. అమ్మ మునిగిపోతోందని వదిలేశా. లేకపోతే వదిలేదాన్ని కాదు నాన్నా, ఒట్టు. చేతులు చాలా నొప్పి పుట్టాయి, అయినా వదల్లేదు. నువ్వు అంత గట్టిగా అరిచినా వదల్లేదు."

మాస్టారికి అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల నీళ్ళకు భయపడలేదు. అంత సముద్రం మీద పడుతున్నా భయపడింది వదిలేస్తే నాన్న ఏమంటాడోనని. ఇప్పుడు ఒడ్డున, తువ్వాళ్ళలో, అమ్మ ఒళ్ళో కూర్చుని కూడా దానికే భయపడుతోంది. కింద నీళ్ళలో తను పడ్డ భయమే పెద్దదనుకున్నాడు ఇంతసేపూ.

"నువ్వు వదలడమే మంచిదైంది తల్లీ" అన్నాడు ఎలాగో. "నేను వదలమన్నది నిజంగానే. అది పరీక్ష కాదమ్మా. నిజంగానే చెప్తున్నా..."

అంటూనే ఆగిపోయాడు. ఆ మాట ఎక్కడ ఎన్నిసార్లు అన్నాడో తెలుసు.

బుడగ ఆయన మొహం చూడలేదు. తల పైకెత్తి, నాన్న చెప్పింది నిజమో కాదో కనుక్కోవడానికి అమ్మ మొహంలోకి చూసింది.

ఆమె తడి జుట్టులోంచి మొగుణ్ణి చూసింది. ఆయన భుజం మీది నెత్తురునూ, వణుకుతున్న గడ్డాన్నీ చూసింది.

"ఈసారి నిజమేనమ్మా" అంది.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.